పాచికల పెట్టె: ఒకే రూల్స్, అల్మారా నిండా పుస్తకాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ఒకే రూల్స్ సిస్టమ్ మీద నడిచే రకరకాల రోల్‌ప్లేయింగ్ ఆటలు (టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపేవి), వాటి పుస్తకాలు. అందుకని మంత్రాల లిస్టుల గురించి అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కనక అందరికీ కలం పేర్లే పెట్టాను.

*ప్రశ్న: నేను ఇప్పటిదాకా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఒక్కటే ఆడాను. మా గ్రూపులో ఒకాయన "ఒక్క సిస్టమ్ నేర్చుకుంటే చాలు, కత్తుల కథైనా దెయ్యాల కథైనా అంతరిక్షమైనా దాంతోనే ఆడుకోవచ్చు" అంటున్నాడు. నిజమేనా? అయితే మొదట ఏం కొనాలి?*
*– కొత్త పాచిక*

ఆయన అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పాడు. మిగతా సగం అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్స్ నేలమాళిగల కోసం, రాక్షసుల కోసం, నిధుల కోసం రాసుకున్నవి. 1978లో కేయోసియం అనే చిన్న కంపెనీ రూన్‌క్వెస్ట్ అనే ఆట వేసింది. అందులో క్లాసులు (యోధుడు, మంత్రగాడు లాంటి తరగతులు) లేవు, లెవెళ్లు లేవు. కత్తి తిప్పడం 45 శాతం, చెట్టెక్కడం 30 శాతం అంటూ మనిషి చేయగల ప్రతి పనికీ ఒక అంకె. పది ముఖాల పాచికలు రెండు వేస్తే, పడింది ఆ అంకెకు మించకపోతే పని అయినట్టు. అంతే. చూడటానికి చిన్న మార్పే గానీ, ఈ లెక్కకు కత్తితో పని లేదు. తుపాకీకీ పనికొస్తుంది, లైబ్రరీలో పాత పేపర్లు వెతకడానికీ పనికొస్తుంది.

ఆ సంగతి కేయోసియం వాళ్లకూ తొందరగానే తట్టింది. 1980లో, కంపెనీ పెట్టిన గ్రెగ్ స్టాఫర్డ్, లిన్ విల్లిస్ కలిసి ఆ రూల్స్‌ను వడగట్టి 16 పేజీల బుక్‌లెట్ చేశారు. పేరు బేసిక్ రోల్‌ప్లేయింగ్. 1981లో కాల్ ఆఫ్ కతూలు అనే భయానక కథల ఆట పెట్టెలో పెట్టింది ఆ బుక్‌లెట్‌నే. 1982లో వరల్డ్స్ ఆఫ్ వండర్ అనే పెట్టె వచ్చింది: అదే బుక్‌లెట్, దానికి తోడు మంత్రాల లోకానికొకటి, సూపర్‌హీరోలకొకటి, భవిష్యత్తుకొకటి, మొత్తం మూడు పుస్తకాలు. ఇక 1986లో స్టీవ్ జాక్సన్ గర్ప్స్ వచ్చింది. అది మొదటి రోజు నుంచే "ఏ లోకమైనా సరే" అని పుట్టిన సిస్టమ్. తర్వాత వచ్చిన ఫేట్, సావేజ్ వరల్డ్స్ వగైరాలన్నీ తలా ఒక దారిలో ఇదే పని చేస్తాయి.

మీ గ్రూపు ఆయన చెప్పని సగం ఏమిటంటే, రూల్స్ ఉమ్మడి అయినంత మాత్రాన ఆటలు ఒకటైపోవు. దాని గురించి ఇంకో ఉత్తరం ఉంది, అక్కడ చెబుతాను.

కొనడం మాటకొస్తే, ముందు ఏమీ కొనకండి. కాల్ ఆఫ్ కతూలు క్విక్‌స్టార్ట్ (మొదలుపెట్టడానికి సరిపడా రూల్స్ ఉన్న చిన్న పుస్తకం) ఉచితంగా దొరుకుతుంది, అందులో ఒక పాడుబడ్డ ఇంటి కథ కూడా ఉంటుంది. ఆట పుట్టినప్పటి నుంచీ ఉన్న కథ అది, ఇప్పటికీ పనిచేస్తుంది. గర్ప్స్ లైట్ కూడా ఉచితమే, 32 పేజీలు. రెండూ ఒక్కో సాయంత్రం ఆడి చూడండి. మీ గ్రూపుకు ఏది ఎక్కితే అది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) నుంచి వస్తున్నారు కాబట్టి ఒక్క హెచ్చరిక. బేసిక్ రోల్‌ప్లేయింగ్ కుటుంబంలో అనుభవం పెరిగితే స్కిల్ (పైన చెప్పిన ఆ శాతం) పెరుగుతుంది గానీ హిట్ పాయింట్లు, అంటే ఎన్ని దెబ్బలు తట్టుకోగలరో చెప్పే అంకె, పెరగవు. మొదటి రోజు 12 ఉంటే ఏళ్ల తరబడి ఆడాక కూడా ఆ 12 చుట్టుపక్కలే. మామూలు రివాల్వర్ గుండు పది ముఖాల పాచిక దెబ్బ. రెండు గుళ్లు తగిలితే మీ వీరుడు నేల మీదే. డీ అండ్ డీ అలవాటులో తలుపు తన్నుకుని లోపలికి దూకే ఆటగాళ్లు మొదటి సెషన్‌లోనే కొత్త క్యారెక్టర్ షీట్ (పాత్ర అంకెలు రాసుకునే కాగితం) అడుగుతారు. ముందే చెప్పి పెట్టండి.

*ప్రశ్న: రెండు పది ముఖాల పాచికలు వేసినప్పుడు ఒకదాని మీద 00, ఇంకోదాని మీద 0 పడితే అది సున్నానా, వందా? మా టేబుల్ దగ్గర గొడవలైపోతున్నాయి.*
*– సున్నా*

వంద. అంటే ఈ కుటుంబంలో అన్నిటికన్నా చెత్త రోల్. 00, 1 అంటే ఒకటి, అది బంగారం. పాచికలు వేసే ముందు ఏది పదుల స్థానమో చెప్పండి. పడ్డాక "ఎర్రదే పదులు" అనేవాళ్ల మాట వినొద్దు.

పాత సామాను పోగేసేవాళ్లకు ఒక ముక్క: రూన్‌క్వెస్ట్ వచ్చిన కొత్తలో పది ముఖాల పాచిక ఇంకా వాడుకలో లేదు. ఇరవై ముఖాల పాచిక మీదే 0 నుంచి 9 దాకా రెండేసి సార్లు అచ్చేసేవాళ్లు. పాత పెట్టెలో ఇరవై ముఖాలుండి 10 దాటిన అంకె ఒక్కటీ లేని పాచిక కనిపిస్తే లోపం అనుకుని పారేయకండి. అంకెల గాడుల్లో మైనం రంగు మిగిలుంటే ఇంకా మంచిది. అప్పట్లో పాచికలతో పాటు క్రేయాన్ ఇచ్చి ఎవరి అంకెలు వాళ్లనే నింపుకోమనేవాళ్లు.

*ప్రశ్న: మా ఆవిడ దగ్గర కేయోసియం వాళ్ల పుస్తకాలు రెండు అరల నిండా ఉన్నాయి. తిరగేసి చూశాను. ప్రతిదాంట్లోనూ అదే బలం, అదే ఒడ్డూ పొడుగూ, అదే శాతాల లెక్క, అదే పోరాటం రౌండ్లు. ఒకే రూల్స్ ఇన్నిసార్లు ఎందుకు కొనాలి అంటే "నీకర్థం కాదులే" అంటోంది. మీరైనా అర్థమయ్యేలా చెప్పండి.*
*– రెండో అర బాధితుడు*

మీరు చూసింది నిజమే. కాకపోతే చూడాల్సిన పేజీలు చూడలేదు. ఆవిడను అడిగి మూడు పుస్తకాలు తీసుకోండి: కాల్ ఆఫ్ కతూలు, రూన్‌క్వెస్ట్, పెండ్రాగన్. మూడింట్లోనూ ఉమ్మడిగా ఉన్నవన్నీ మనసులోనే కొట్టేసి, మిగిలింది చదవండి.

కాల్ ఆఫ్ కతూలులో మిగిలేది శానిటీ, అంటే మతి ఎంత స్థిమితంగా ఉందో చెప్పే అంకె. భయంకరమైనది చూసినప్పుడల్లా తగ్గుతుంది. అది అందరికీ తెలిసిందే. అసలు కిటుకు వేరే ఉంది. కతూలు మిథాస్ అని ఒక స్కిల్ ఉంటుంది, మనుషులు తెలుసుకోకూడని విషయాల జ్ఞానం. శానిటీ ఎంత దాకా పెరగొచ్చు అంటే 99లోంచి ఈ స్కిల్‌ను తీసేయగా మిగిలినంత. అంటే తెలుసుకున్నకొద్దీ కోలుకునే చోటు తగ్గిపోతుంది. ఈ ఒక్క తీసివేత టేబుల్ దగ్గర ఏం చేస్తుందో చూడాలి. మా ఆటలో ఒకామె లైబ్రరీ రోల్ కష్టపడి గెలిచింది. వెతుకుతున్న తోలు అట్ట పుస్తకం చేతికొచ్చింది. మొదటి పేజీలో ఏముందో నేను చదివి వినిపించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "నేను చదవను. ప్రొఫెసర్ గారికిస్తాను" అంది. ప్రొఫెసర్ ఆడుతున్నాయన "నాకు కళ్లజోడు లేదు" అన్నాడు. ఆయన షీట్ మీద కళ్లజోడు ఊసే లేదు, అది వేరే సంగతి. దొరికిన ప్రతిదానికీ ఎగబడే అదే మనుషులు ఒక్క పుస్తకాన్ని పావుగంట పాటు ఒకరి మీదికొకరు నెట్టుకున్నారు. ఆ పావుగంటే కాల్ ఆఫ్ కతూలు. శాతాల లెక్క కాదు.

పెండ్రాగన్‌లో స్టాఫర్డ్ వంద లెక్క కూడా తీసేసి ఇరవై ముఖాల పాచిక పెట్టాడు. ఆర్థర్ రాజు కాలం నైట్ల (గుర్రపు వీరుల) ఆట, 1985లో వచ్చింది. అందులో దయ, క్రూరత్వం, ధైర్యం, పిరికితనం వంటి గుణాలు జంటలుగా ఉంటాయి. జంట మొత్తం 20. దయ 16 అయితే క్రూరత్వం 4. లొంగిపోయిన శత్రువు మోకాళ్ల మీద ఉన్నాడు, ఆటగాడికి చంపేయాలని ఉంది. ఆట నడిపే గేమ్ మాస్టర్ "ముందు దయ రోల్ చెయ్" అంటాడు. 16 లోపు పడితే ఆ నైటు చెయ్యి లేవదు, ఆటగాడు ఎంత గింజుకున్నా సరే. ఏడాదికొక సాహసం, తర్వాత చలికాలంలో వయసు మీద పడటం, పెళ్లి, పిల్లలు, ఎస్టేటు లెక్కలు. నైటు చచ్చిపోతే కొడుకు కత్తి అందుకుంటాడు. బలం, ఒడ్డూ పొడుగూ అవే ఉన్నాయి, నిజమే. వాటి కోసం ఎవరు కొంటారు?

రూన్‌క్వెస్ట్ సంగతి మీరే చూడండి. దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పే ఇరవై అంకెల పట్టిక ఒకటుంటుంది. 1 నుంచి 4 కుడికాలు, 19, 20 తల. ఆ పట్టిక ముందు కూర్చున్నాక పోరాటం గురించి మనిషి ఆలోచనే మారిపోతుంది. కాలికి కవచం లేనివాడు కబుర్లతోనే పని కానిద్దామంటాడు.

అంచేత నా లెక్క ఇది: ఉమ్మడి రూల్స్ కోసం ఇంట్లో ఒక్క పుస్తకం చాలు. ఆపైన కొనే ప్రతి పుస్తకం ఉమ్మడి కాని దాని కోసమే కొనాలి. కొనేముందు విషయసూచిక తెరిచి, ఆ ఆట తనకంటూ తెచ్చుకున్నది ఎన్ని పేజీలుందో చూడండి. పాత రూల్సే మళ్లీ అచ్చేసి, ఆఖర్లో నాలుగు కొత్త ఆయుధాలు, ఆరు కొత్త రాక్షసులు చేర్చి లావు పుస్తకం చేసే అలవాటు ఈ రంగంలో బాగానే ఉంది. అలాంటివి ఆవిడ అరలో ఉంటే మీరు నోరు విప్పొచ్చు.

అన్నట్టు, ఆవిడ తరఫున ఇంకో మాట. ఉమ్మడి రూల్స్ నెమ్మదిగా మారతాయి కాబట్టి పాత పుస్తకం పనికిరాకుండా పోదు. 1984లో వచ్చిన మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్ అనే కాల్ ఆఫ్ కతూలు క్యాంపెయిన్‌ను (ఎన్నో సెషన్లు నడిచే పెద్ద కథను) చిన్నచిన్న అంకెలు సవరించుకుని ఇవాళ్టి ఎడిషన్‌తో నడపొచ్చు. న్యూయార్క్, లండన్, కైరో, కెన్యా, షాంఘై, అన్నీ అలాగే పనిచేస్తాయి. అందుకే రూల్‌బుక్‌ల కన్నా కథల పుస్తకాలు, క్యాంపెయిన్లు పోగేసేవాళ్లంటే నాకు గౌరవం. ఆవిడ రెండు అరల్లో ఏవి ఎక్కువో చూసి మళ్లీ రాయండి. ఇంకా మంచిది, ఒక రోజు ఆవిడ టేబుల్ దగ్గర కూర్చోండి.

*ప్రశ్న: స్కిల్ వాడి గెలిస్తే పక్కన టిక్ పెట్టుకోవడం, సెషన్ అయ్యాక టిక్ ఉన్నవి పెంచుకోవడం మా అందరికీ బాగా నచ్చింది. కానీ ఇప్పుడు ఒకే పోరాటంలో కత్తితో ఒక దెబ్బ, గొడ్డలితో ఒకటి, ఈటెతో ఒకటి. ఆయుధాలు మార్చుకోవడమే సరిపోతోంది. ఏం చేయను?*
*– విసిగిన గేమ్ మాస్టర్*

ఇది రూన్‌క్వెస్ట్ ఎంత పాతదో అంత పాత జబ్బు. టిక్కుల కోసం ఆయుధాల మూట మోసుకు తిరిగే వీరుడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు.

ముందు లెక్క గుర్తు చేసుకోండి. సెషన్ ఆఖర్లో టిక్ ఉన్న స్కిల్‌కు మళ్లీ పాచికలు వేయాలి, ఈసారి ఉన్న స్కిల్ కన్నా ఎక్కువ పడాలి. ఈటె 30 శాతం ఉన్నవాడికి పెరిగే అవకాశం 70 శాతం. కత్తి 85 ఉన్నవాడికి 15 మాత్రమే. రాని పని తొందరగా వస్తుంది, వచ్చిన పని మెల్లగా పదునెక్కుతుంది. పోరాటంలో 97 పడితే తల పట్టుకున్నవాళ్లే సెషన్ ఆఖర్లో 97 పడితే కేకలు వేస్తారు. ఈ సిస్టమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పావుగంట అది. ఆ లెక్కలోనే సగం మందు ఉంది. ఆయుధాలు మార్చేవాడు అన్నిట్లోనూ 45 దగ్గర తచ్చాడుతుంటాడు, ఒక్కదాన్నే పట్టుకున్నవాడు 80 దాటేస్తాడు. కొన్నాళ్లు ఊరుకుంటే తనకే తెలుస్తుంది.

ఊరుకోలేనంటే, టిక్ ఇచ్చే అధికారం మీ చేతిలో పెట్టుకోండి. నేను అడిగేది ఒక్కటే ప్రశ్న: "ఈ రోల్ పోయుంటే ఏమయ్యేది?" జవాబులో ఎవరికైనా నష్టం ఉంటే టిక్. చచ్చేముందున్న తోడేలు మీద కొత్త గొడ్డలి పరీక్షిస్తే టిక్ లేదు. ఇంకొకటి, ఆయుధం మార్చడానికి సమయం పడుతుంది. రూల్స్‌లో ఉన్న ఆ సమయాన్ని నిక్కచ్చిగా లెక్కపెట్టండి. ఈటె కోసం వెనక్కి తిరిగినవాడి వీపు మీద ఒక్క దెబ్బ పడితే టిక్కుల మోజు దానంతటదే దిగుతుంది.

*ప్రశ్న: గర్ప్స్ మొదలుపెట్టాం. క్యారెక్టర్లు తయారు చేయడానికే ఒక సాయంత్రం మొత్తం పోయింది. ఇద్దరు మళ్లీ రాలేదు. సిస్టమ్ తప్పా, మా తప్పా?*
*– పాయింట్ల లెక్క తేలనివాడు*

ఇద్దరిదీ కొంచెం కొంచెం. ఆ లావు పుస్తకాన్ని ఆటగాళ్ల ముందు పెట్టి "మీ ఇష్టం" అన్నారు, అవునా? టైలర్ దగ్గరికి వెళ్లి గుడ్డల తానులన్నీ విప్పించుకుంటే చొక్కా పండగ దాటాక వస్తుంది. గర్ప్స్‌లో ఉన్నవన్నీ వాడటానికి కాదు, ఏరుకోవడానికి.

ఏరే పని గేమ్ మాస్టర్‌ది. మీ కథకు అక్కర్లేని స్కిల్స్ కొట్టేసి, ఒక పేజీకి సరిపడా లిస్టు చేసి ఇవ్వండి. ఓడల కథలో కంప్యూటర్ హ్యాకింగ్ ఎందుకు? నాలుగు క్యారెక్టర్లు మీరే సగం దాకా చేసి పెట్టి, పాత్రకు స్కిల్స్, గుణాలు కొనుక్కోవడానికి ఇచ్చే పాయింట్లలో మిగిలిన 20, 30 వాళ్లను ఖర్చు పెట్టుకోమనండి. చెడ్డ గుణాలు తీసుకుంటే పాయింట్లు వెనక్కొస్తాయి కదా, దానికి ఒక హద్దు పెట్టండి. లేకపోతే ఒంటికన్ను, కోపం, తాగుడు, కోర్టు కేసులు అన్నీ ఒకడే మోస్తాడు, ఆటలో మాత్రం ఒక్కటీ గుర్తుండదు.

పాయింట్లు ఎక్కడ పెట్టాలో తెలియకపోవడానికి ఇంకో కారణం మూడు పాచికల లెక్క. మూడు ఆరు ముఖాల పాచికల మొత్తం స్కిల్‌కు మించకపోతే గెలుపు. స్కిల్ 10 అయితే గెలిచే అవకాశం 50 శాతం. 11 అయితే 62.5. 12 అయితే 74. ఒక్కో మెట్టుకూ పన్నెండు శాతం పెరుగుతోంది. అదే 15 నుంచి 16కు వెళ్తే మూడు శాతం కూడా పెరగదు. కాబట్టి మామూలు పరిస్థితుల్లో 12, 13 దాకా తెచ్చుకుని ఆపడం తెలివి. 16, 18 స్కిల్ దేనికంటే, చీకట్లో, పరిగెడుతూ, దూరం నుంచి గురి పెట్టేటప్పుడు వచ్చే మైనస్‌లను తట్టుకోవడానికి. ఈ ఒక్క సంగతి మీ వాళ్లకు ముందు చెప్పుంటే సాయంత్రంలో సగం మిగిలేది.

వెళ్లిపోయిన ఇద్దరినీ పిలిచి ఒక్క పూట రెడీమేడ్ క్యారెక్టర్లతో ఆడించండి. ఆ పుస్తకాలు అమ్మేయకండి మాత్రం. ఆడనివాళ్లు కూడా గర్ప్స్ సెట్టింగ్ పుస్తకాలు చదువుకోవడానికి కొంటారు, అంత సమాచారం ఉంటుంది వాటిలో. గర్ప్స్ సైబర్‌పంక్ కథ తెలుసా? 1990 మార్చి 1న అమెరికా సీక్రెట్ సర్వీస్ వాళ్లు స్టీవ్ జాక్సన్ గేమ్స్ ఆఫీసు మీద దాడి చేసి, కంప్యూటర్లతో పాటు దాని రాతప్రతి కూడా పట్టుకెళ్లారు. కంపెనీ కోర్టుకెక్కి 1993లో గెలిచింది. పుస్తకం అదే ఏడాది, 1990లోనే బయటికొచ్చింది, సీక్రెట్ సర్వీస్ జప్తు చేసిన పుస్తకం అని అట్ట మీద దర్జాగా వేసుకుని మరీ.

*ప్రశ్న: మా కాల్ ఆఫ్ కతూలు డిటెక్టివ్‌ను రూన్‌క్వెస్ట్ లోకంలోకి పంపొచ్చా? రూల్స్ ఒకటే కదా.*
*– తలుపు తెరిచినవాడు*

అంకెల వరకు అడ్డేమీ లేదు. కాల్ ఆఫ్ కతూలు ఏడో ఎడిషన్‌లో బలం, దృఢత్వం వగైరాలను ఐదు రెట్లు చేశారు, అంతే. 60 ఉన్నదాన్ని ఐదుతో భాగిస్తే పాత 12 వచ్చేస్తుంది. రెండు రకాల అంకెలతోనూ హిట్ పాయింట్లు దాదాపు ఒకటే తేలతాయి.

చిక్కు వేరే చోట ఉంది. రూన్‌క్వెస్ట్‌లో దాదాపు అందరికీ ఎంతో కొంత మంత్రం వచ్చు, దెబ్బను కత్తితోనో డాలుతోనో ఆపడం అక్కడ రోజువారీ పని. మీ డిటెక్టివ్‌కు మంత్రం రాదు, ముష్టియుద్ధం ఎప్పుడూ పెంచుకుని ఉండడు కాబట్టి 25 శాతం. మొదటి దెబ్బకే చెయ్యి తెగుతుంది. ఇక శానిటీ ఉంచుతారా, తీసేస్తారా? ఉంచితే అక్కడి దేవుణ్ణి చూడగానే మనవాడికి మతి పోతుంది, పక్కన ఉన్న రైతు మాత్రం దండం పెట్టుకుని పనికెళ్లిపోతాడు. ఒక్క సెషన్‌కు అదే సరదా. సుదీర్ఘంగా ఆడాలంటే అంకెలు మార్చడం మానేసి, ఆ మనిషినే ఆ లోకం రూల్స్‌తో కొత్తగా తయారు చేసుకోండి. అనుమానపు చూపు, అప్పులు, ఎవరినీ నమ్మకపోవడం, ఇవి ఏ షీట్ మీదికైనా వస్తాయి.

*ప్రశ్న: 1980 నాటి డీ అండ్ డీ దేవతల పుస్తకం డీటీస్ అండ్ డెమీగాడ్స్ రెండు కాపీలు చూశాను. ఒకదాంట్లో 144 పేజీలు, ఇంకోదాంట్లో 128. చిన్నదాంట్లో పేజీలు చించేశారా?*
*– పేజీలు లెక్కపెట్టేవాడు*

చించలేదు, అచ్చులోనే తీసేశారు. మొదటి ముద్రణల్లో కతూలు దేవతల అధ్యాయం, నవలల్లోని మెల్నిబోనే లోకం అధ్యాయం ఉండేవి. ఆ రెండు లోకాల మీద ఆటలు వేసే హక్కులు అప్పట్లో కేయోసియం దగ్గర ఉండేవి. కాల్ ఆఫ్ కతూలు, స్టార్మ్‌బ్రింగర్ రెండూ 1981లో వాళ్లే వేశారు. తర్వాతి ముద్రణల్లో ఆ అధ్యాయాలు పోయి 128 పేజీలు మిగిలాయి. పోగేసేవాళ్లు వెంటపడేది 144 పేజీల దాని కోసం. ఎడిషన్ వేరు, ముద్రణ వేరు అన్నది ఎప్పుడూ గుర్తుంచుకోండి. అట్టలు ఒకేలా ఉన్నా ముద్రణ మారి ఉండొచ్చు. అట్ట ఫొటో ఒక్కటే చూపించే అమ్మకందారుణ్ణి ఆఖరి పేజీ, ముద్రణ వివరాల పేజీ ఫొటోలు అడగండి. నసిగితే వదిలేయండి.

*ప్రశ్న: మేం సొంత లోకం తయారు చేసుకున్నాం. వేరేవాళ్ల రూల్స్ మీద పుస్తకం వేసి అమ్ముకోవచ్చా?*
*– రాసుకుంటున్నవాళ్లు*

కొన్నిటి మీద అమ్ముకోవచ్చు. పాచిక ఇలా వేయాలి, ఇంత పడితే గెలుపు అనే పద్ధతి మీద సాధారణంగా కాపీరైట్ ఉండదు. దాన్ని వివరించిన వాక్యాల మీద, పేర్ల మీద, బొమ్మల మీద ఉంటుంది. అందుకే కంపెనీలు కొన్ని లైసెన్సులతో తమ వాక్యాలు కూడా వాడుకోమని ఇస్తుంటాయి. 2000లో డీ అండ్ డీ మూడో ఎడిషన్‌తో వచ్చిన ఓజీఎల్ (ఓపెన్ గేమ్ లైసెన్సు) ఆ దారి తెరిచింది. 2023 మొదట్లో డీ అండ్ డీ కంపెనీ దాన్ని మార్చబోతే పెద్ద గొడవైంది. చివరికి అదే జనవరిలో ఐదో ఎడిషన్ మూల రూల్స్‌ను ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చేశారు. ఆ గొడవలోంచే ఓఆర్‌సీ అనే ఇంకో ఉమ్మడి లైసెన్సు పుట్టింది. బేసిక్ రోల్‌ప్లేయింగ్ 2023 పుస్తకం రూల్స్ ఓఆర్‌సీ కిందే ఉన్నాయి. ఫేట్ కూడా వాడుకోవచ్చు. గర్ప్స్‌ను అలా తెరిచి ఇవ్వలేదు.

లైసెన్సు పూర్తిగా చదవండి. రూల్స్ ఇచ్చారంటే లోకం కూడా ఇచ్చారని కాదు. బేసిక్ రోల్‌ప్లేయింగ్ వాడుకోవచ్చు గానీ రూన్‌క్వెస్ట్ లోకమైన గ్లోరాంథా వాడుకోకూడదు. ఇంకో మాట, మీ 200 పేజీల్లో 150 వాళ్ల రూల్సే తిరగరాయకండి. పైన రెండో అర బాధితుడు గారి ఉత్తరం చదివారుగా.

*ప్రశ్న: గ్రూపు దొరకలేదు. ఒక్కడినే ఆడొచ్చా?*
*– ఒంటరి నైటు*

ఆడొచ్చు. అలోన్ అగైనెస్ట్ ది ఫ్లేమ్స్ అని కాల్ ఆఫ్ కతూలుకు ఒంటరి కథ ఉంది, పేరాల నంబర్లు వెతుక్కుంటూ వెళ్లడమే. రూల్స్ కూడా దారిలోనే నేర్పుతుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. గర్ప్స్‌కు ముందు 1970ల చివర్లో స్టీవ్ జాక్సన్ చేసిన ఆటలకే ఒంటరి సాహసాలు ఉండేవి. అయితే ఒక కథ రెండోసారి ఆడితే చప్పగా ఉంటుంది. ఈలోగా గ్రూపు వెతకడం మానకండి, ముగ్గురు చాలు.

*ప్రశ్న: పాత పెట్టెలు, బుక్‌లెట్లు పాడవకుండా ఎలా దాచాలి?*
*– దుమ్ము దులిపేవాడు*

పెట్టెలను పడుకోబెట్టండి, కానీ ఒకదాని మీద ఒకటి ఎక్కువ పేర్చకండి. కిందిదాని మూత మూలలే ముందు చీలుతాయి. పిన్నులు కొట్టిన బుక్‌లెట్ల దగ్గరికి తేమ రానీయకండి, పిన్ను తుప్పు పడితే మరక నడిమి పేజీల దాకా పాకుతుంది. చిరిగినచోట సెలోటేప్ అంటించొద్దు. క్యారెక్టర్ షీట్ జిరాక్స్ తీసుకుని దాని మీదే రాయండి. విడి కాగితాలు, మ్యాపులు కవరులో పెట్టండి. రబ్బర్ బ్యాండ్లు మాత్రం వద్దు, కొన్నేళ్లకు జిగురులా మారి అట్టకు అతుక్కుపోతాయి, పీకితే రంగుతో సహా వస్తాయి.